వేపాకు వలయం 18 మిల్లీమీటర్లు వచ్చింది, యాంటీబయాటిక్ మానేయవచ్చా?

గాజువాక నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మాయి డిగ్రీ చివరి ఏడాది మైక్రోబయాలజీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం వేపాకు, పసుపు సారాలను మిథనాల్ అనే ద్రావకంలో తీసి పరీక్షించింది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే చీము పుట్టించే బాక్టీరియాను పెంచిన ప్లేటులో వేపాకు సారం చుట్టూ ఆ బాక్టీరియా పెరగని 18 మిల్లీమీటర్ల ఖాళీ వలయం వచ్చింది. పక్కనే పెట్టిన జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ డిస్క్‌కు (మందు అద్దిన కాగితపు బిళ్లకు) 20 వచ్చింది. ఇంట్లో తాతగారికి మధుమేహం ఉంది, కాలి బొటనవేలి కింద పుండు పడింది. డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటే కడుపులో మంట అంటున్నారు. "రెండు మిల్లీమీటర్ల తేడాయే కదా, వేపాకు, పసుపు నూరి కడితే సరిపోదా? పైగా మొక్కల మందులకు సూక్ష్మజీవులు లొంగకపోవడం అంటూ ఉండదని విన్నాము, నిజమేనా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. సరిపోదు. మాత్రలు సొంతంగా ఆపకండి, పుండులో ఆకు ముద్ద పెట్టకండి. కడుపులో మంట వస్తున్న సంగతి ఆ మాత్రలు రాసిన డాక్టరుకే చెప్పండి. మందు మార్చవచ్చు, వేసుకునే వేళ మార్చవచ్చు, అది వాళ్లు చూసుకుంటారు. వేపకూ పసుపుకూ సూక్ష్మజీవులను అడ్డుకునే గుణం లేదని నేను అనడం లేదు. ఉంది. మీ అమ్మాయి ప్లేటులో చూసినదీ నిజమే. అయితే ఆ వలయం చెబుతున్న సంగతి వేరు, మీకు అర్థమైన సంగతి వేరు.

నేను విశాఖలోనే ఆసుపత్రి ప్రయోగశాలలో చీము, మూత్రం, రక్తం కల్చర్లు (వాటిలోని బాక్టీరియాను పెంచి చూసే పరీక్షలు) చూస్తూ చాలా ఏళ్లు పనిచేశాను. కాలేజీ పిల్లల ప్రాజెక్టులు కూడా నా బల్ల మీదికి వస్తుంటాయి. వాటిలో ఎక్కువ భాగం వేప, తులసి, పసుపు, వెల్లుల్లి. దాదాపు అన్నిటిలోనూ చివరి వాక్యం ఒకటే, "కాబట్టి ఈ మొక్కను యాంటీబయాటిక్‌కు ప్రత్యామ్నాయంగా వాడవచ్చు" అని. ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేయడం నాకు అలవాటైపోయింది. ఎందుకో చెబుతాను.

18కీ 20కీ మధ్య ఉన్న తేడా రెండు కాదు. జెంటామైసిన్ డిస్క్‌లో ఉండే మందు 10 మైక్రోగ్రాములు. ఇప్పుడు మీ అమ్మాయి నోట్సు తెరిచి, గుంటలో ఎంత సారం పోసిందో చూడండి. సాధారణంగా పిల్లలు మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున సారాన్ని కలిపి, అగార్‌లో, అంటే ప్లేటులో బాక్టీరియాను పెంచే జెల్లీలో, తవ్విన గుంటలో 100 మైక్రోలీటర్లు పోస్తారు. అంటే గుంటలో పడింది 10 మిల్లీగ్రాములు, అంటే 10,000 మైక్రోగ్రాములు. జెంటామైసిన్‌కు వెయ్యి రెట్లు. వెయ్యి రెట్లు పోసినా వలయం దానికన్నా చిన్నదే. సారంలో ఉన్నదంతా మందు కాదు, ఆకుపచ్చ రంగు, చక్కెరలు, టానిన్లు అనే వగరు పదార్థాలు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఈ పోలిక వేపకు కొంత అన్యాయమే. సరే, పనిచేసే పదార్థం అందులో నూటికి ఒక వంతే అనుకుందాం. అప్పుడు కూడా పది రెట్లు ఎక్కువే.

ఇంకో చిక్కు కూడా ఉంది. వలయం పెద్దదైతే మందు బలమైనదనుకుంటాము, కానీ వలయం కొలిచేది బలాన్ని ఒక్కదాన్నే కాదు. పదార్థం అగార్‌లో ఎంత దూరం పాకింది అన్నది కూడా అందులో కలిసే ఉంటుంది. చిన్న అణువులు, నీటిలో కరిగేవి చకచకా పాకుతాయి. పసుపులోని కర్క్యుమిన్ వంటివి, నూనెలు గుంట అంచు దాటడానికే మొరాయిస్తాయి. అందువల్ల బలమైన పదార్థానికి చిన్న వలయం, బలహీనమైనదానికి పెద్ద వలయం రావడం మామూలే. ఆసుపత్రిలో మేము వలయాన్ని నమ్మి మందు సూచించగలుగుతున్నామంటే, 1966లో బాయర్, కిర్బీ ప్రచురించిన పద్ధతి ప్రకారం డిస్క్‌లోని మందు మోతాదు, అగార్ రకం, బాక్టీరియా సాంద్రత అన్నీ స్థిరపడి ఉండడమే కారణం. ఏ మందుకు ఎన్ని మిల్లీమీటర్లు వస్తే రోగికి పనిచేస్తుందో పట్టికలు ఉన్నాయి. వేపాకుకు అలాంటి పట్టిక లేదు. 18 అన్న అంకె ఆ ప్లేటు దాటి బయటికి వస్తే దానికి అర్థం లేదు.

మిథనాల్ సంగతి కూడా అడగండి. సారంలో అది పూర్తిగా ఆవిరి కాకుండా మిగిలితే ఆ వలయంలో కొంత మిథనాల్ పుణ్యమే. అందుకే ఒట్టి ద్రావకాన్ని ఒక గుంటలో విడిగా పోసి చూడాలి. ఆ గుంట లేని ఫోటోలు నా దగ్గరికి చాలా వస్తాయి.

ఇక తాతగారి కాలు. ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది ఇదే.

పసుపు క్రిమిసంహారి అని నమ్మేవాళ్లకు నేను విద్యార్థులతో చేయించే చిన్న పని ఒకటి చెబుతాను. పూర్ణా మార్కెట్లో విడిగా అమ్మే పసుపు చిటికెడు తెచ్చి, పోషక అగార్ ప్లేటు మీద చల్లి, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచమంటాను. పొద్దున్నకు ఒక్కొక్క పసుపు రేణువు పక్కనుంచి బూడిద తెలుపు రంగులో, ఎండిన సున్నం పొరలా, అంచులు చీలికలు చీలికలుగా ఉన్న మచ్చలు పాకి ఉంటాయి. అవి బాసిల్లస్ జాతి బాక్టీరియా. మట్టిలోంచి తవ్వి, ఉడికించి, కళ్లంలో ఆరబోసి, మిల్లులో ఆడించే సరుకులో వీటి బీజాలు ఉండడం వింతేమీ కాదు. వంటలో మరిగించి వెంటనే తింటాము కాబట్టి ఇబ్బంది రాదు. రక్తప్రసరణ సరిగా లేని మధుమేహ పాదంలో, లోతైన పుండులో పెడితే అది వేరే కథ. కొమ్మ నుంచి కోసి, రోటిలో నూరిన ఆకు ముద్ద కూడా ఇంతే. మట్టి అంటిన చోట ధనుర్వాతం బీజాలు ఉండవచ్చు, అవి వేపకు చావవు.

రెండో నష్టం డాక్టర్లకు బాగా తెలుసు, ఇంట్లోవాళ్లకు తట్టదు. పసుపు పూసిన పాదంలో చర్మం ఎర్రబడిందా, ఎంతవరకు ఎర్రబడింది అన్నది కనిపించదు. పుండు అంచు నుంచి ఎరుపు 2 సెంటీమీటర్లు దాటి పాకితే ఇన్ఫెక్షన్ తీవ్రమవుతోందని లెక్క. ఆ గీతను పసుపు కప్పేస్తుంది. ల్యాబుకు అలాంటి కాళ్ల నుంచి వచ్చిన దూది పుల్లలు పచ్చగా మెరుస్తూ ఉండేవి. ప్లేటు మీద మర్నాడు సూడోమొనాస్ అనే బాక్టీరియా తన సొంత ఆకుపచ్చ రంగుతో, ద్రాక్షపండ్ల వాసనతో హాయిగా పెరిగి ఉండేది. పసుపు దాన్ని చీకాకు పెట్టిన దాఖలా ఏమీ కనిపించేది కాదు.

అందులో ఆశ్చర్యం లేదు. సూడోమొనాస్, ఈ.కోలై వంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియాకు బయట అదనంగా ఒక పొర ఉంటుంది. మొక్కల్లోని పదార్థాలు చాలావరకు ఆ పొర దగ్గరే ఆగిపోతాయి. మీ అమ్మాయి ఈ.కోలై ప్లేటు కూడా పెట్టి ఉంటే అందులో వలయం చిన్నదో, అసలు లేదో అయి ఉంటుంది. మధుమేహ పుండుల్లో తరచు రెండు మూడు రకాల బాక్టీరియా కలిసి ఉంటాయి, వాటిలో గ్రామ్ నెగెటివ్‌లు మన వైపు తక్కువేమీ కాదు.

తాతగారికి ఈ వారంలో చేయవలసినవి: పుండు నుంచి చీము కల్చర్ పరీక్ష చేయించారో లేదో కనుక్కోండి. రక్తంలో చక్కెర ఎంత ఉందో చూడండి, అది తగ్గనిదే ఏ మందూ సరిగా పనిచేయదు. ఆ కాలి మీద బరువు పడకుండా చూడండి. జ్వరం, నలుపు, దుర్వాసన, లోపల ఎముక కనబడడం, ఎరుపు పైకి పాకడం, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకండి. కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) అయినా సరే, మీకు దగ్గరలోని పెద్దాసుపత్రికి అయినా సరే, ఆ రోజే తీసుకెళ్లండి. నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండవద్దు. మధుమేహంలో నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు, ప్రమాదం అక్కడే.

"పైన పూయవద్దంటే లోపలికి తీసుకుంటాము, పాలలో పసుపు వేసి ఇస్తాము" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇక్కడా లెక్క చూద్దాం. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. స్టెఫైలోకాకస్ పెరగకుండా ఆపడానికి ప్రయోగశాలలో కావలసిన కర్క్యుమిన్ గాఢత సాధారణంగా మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు దాటే ఉంటుంది. మనుషులకు రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ ఇచ్చి చూసిన పరీక్షలో కూడా రక్తంలో అది మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము దాటలేదు. 8 గ్రాముల కర్క్యుమిన్ కావాలంటే పావు కిలోకు పైగా పసుపు తినాలి. పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు, పీల్చుకున్నదాన్ని కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. పాడేరు పసుపు అయినా అంతే, అందులో కర్క్యుమిన్ శాతం కాస్త ఎక్కువ ఉన్నా ఈ లెక్క మారదు. పసుపు పాలు గొంతుకు హాయిగా ఉంటాయి, తాగండి. రక్తంలో ఇన్ఫెక్షన్‌ను ఆపుతాయని మాత్రం అనుకోకండి.

వేపనూనె విషయంలో ఒక గట్టి హెచ్చరిక. పసిపిల్లలకు చుక్కలుగా పోస్తే వాంతులు, మూర్ఛలు, మెదడు వాపు వచ్చి ప్రాణాలు పోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఏ కారణంతోనూ పిల్లల నోట్లో వేపనూనె వేయవద్దు.

మరి ఇవన్నీ ఎందుకూ పనికిరావా? పనికి వస్తాయి. మందు నేరుగా తగిలే చోట, ఎక్కువ గాఢతలో తగిలే చోట మొక్కలు పనిచేస్తాయి. నోరు దీనికి మంచి ఉదాహరణ. వేప పుల్ల నమిలితే పుల్ల పీచు రుద్దుడు, వేప చేదు రెండూ కలిసి పంటి పాచిని తగ్గిస్తాయి. వేపాకు సారంతో చేసిన జెల్ పంటి పాచిని తగ్గించినట్టు మన దేశంలోనే చిన్న పరీక్షల్లో తేలింది. లవంగ నూనెలోని యూజెనాల్‌ను పళ్ల డాక్టర్లు జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలికంగా పన్ను పూడ్చడానికి ఇప్పటికీ వాడుతున్నారు. తులసికి ఆ ఘాటు వాసన ఇచ్చేవాటిలో యూజెనాల్ కూడా ఒకటి. తమలపాకులోని హైడ్రాక్సీ చావికాల్ కూడా నోటి బాక్టీరియా మీద బాగానే పనిచేస్తుంది. ఆకులో చుట్టిన వక్క, పొగాకు ఆ మేలునంతా తినేస్తాయి, అది వేరే సంగతి.

చర్మం కూడా అంతే. ఈ సముద్రపు గాలిలో, చెమటలో తామర ఎంత మందికో చూస్తూనే ఉన్నాము. మెట్టతామర అనీ సీమ అవిసె అనీ పిలిచే మొక్క ఆకు రసం తామరకు పూస్తారు. దానిలోని రీన్ వంటి పదార్థాలకు శిలీంధ్రాలను అణచే గుణం ఉంది కాబట్టి ఆ వాడుక ఊరికే రాలేదు. అయితే ఈ మధ్య దేశమంతా పాకిన మొండి తామరకు టెర్బినాఫిన్ మాత్రలే సరిగా పనిచేయడం లేదు, ఆకు రసం మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన మలాములు మాత్రం అసలు వద్దు. ఆకు రసం వల్ల కలిగే నష్టం కన్నా వాటివల్ల కలిగే నష్టం ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆటలమ్మ తగ్గాక వేపాకు నీళ్లు పోయడం గురించి కూడా అడుగుతుంటారు. వైరస్ మీద దాని ప్రభావం ఏమీ లేదు, దురద నుంచి కాస్త ఉపశమనం, ఒంటికి శుభ్రత. మరిగించిన నీళ్లయితే పోయండి, అభ్యంతరం లేదు.

వెల్లుల్లిలో మందు ముందుగా తయారై ఉండదు. రెబ్బ చితికినప్పుడు లోపలి ఎంజైము పనిచేసి అల్లిసిన్ పుడుతుంది. 1944లో కావల్లిటో, బెయిలీ దాన్ని వేరుచేసి బాక్టీరియాను చంపుతుందని చూపించారు. వేడి తగిలితే ఎంజైము పోతుంది. అందువల్ల పచ్చి వెల్లుల్లి రసం ప్లేటులో అదరగొడుతుంది, తాలింపులో వేయించిన రెబ్బకు ఆ బలం ఉండదు. పచ్చి వెల్లుల్లి నూరి చర్మం మీద కట్టు కడితే మాత్రం కాలిన బొబ్బలు వస్తాయి, ఆ బొబ్బలతో ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూశాను.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న. మొక్కల మందులకూ సూక్ష్మజీవులు లొంగకుండా పోతాయి. కొన్ని ఇప్పటికే లొంగడం లేదు. మానుపసుపులో బెర్బెరిన్ అనే పచ్చని పదార్థం ఉంటుంది. స్టెఫైలోకాకస్ కణపు పొరలో నార్‌ఏ అనే పంపు ఉంది. పడవలోకి చేరిన నీటిని జాలరి తోడిపోసినట్టు, అది లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను బయటికి తోడేస్తుంది. నార్‌ఫ్లాక్ససిన్, సిప్రోఫ్లాక్ససిన్ మాత్రలను తోడేసేదీ ఇదే పంపు. అంటే మందుల దుకాణం మాత్రకు అలవాటుపడిన బాక్టీరియా, అడవి మొక్కకూ అంతే తేలికగా అలవాటుపడగలదు.

ఇందులో నాకు చాలా ఇష్టమైన సంగతి మరొకటి ఉంది. 2000లో స్టెర్‌మిట్జ్, లూయిస్ బృందం బెర్బెరిన్ తయారుచేసే ఒక అమెరికా మొక్కను పరిశీలిస్తే, అదే ఆకులో మరో పదార్థం దొరికింది. దానికి తనంతట తాను బాక్టీరియాను చంపే శక్తి లేదు. అది చేసేది ఆ పంపును మూసేయడం. రెండూ కలిసి ఉంటేనే బెర్బెరిన్ లోపల నిలబడి పనిచేస్తుంది. విడదీసి ఒక్కదాన్నే పరీక్షించినప్పుడు "ఇందులో ఏమీ లేదు" అని పక్కన పడేసిన పదార్థాల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో అని నాకు అనిపిస్తుంటుంది. మొక్కల పరిశోధన వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించనిది ఇందుకే. కొత్త యాంటీబయాటిక్ దొరకకపోయినా, పాత యాంటీబయాటిక్‌కు మళ్లీ ప్రాణం పోసే తోడు దొరకవచ్చు.

ఆకు నుంచి మందు దాకా దారి ఎంత పొడవో ఏజెన్సీ మలేరియా కేసులు చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. చైనాలో నాలుగో శతాబ్దపు వైద్యుడు గే హాంగ్ ఒక మాచిపత్రి జాతి మొక్కను నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం జ్వరానికి తాగమని రాశాడు. మరిగించమని రాయలేదు. ఆ చిన్న తేడాను 1971లో తు యుయు పట్టుకున్నారు. వేడి వల్ల మందు పాడవుతోందేమో అనుకుని, తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో సారం తీశారు. మర్నాటి ఏడాదికి ఆర్టెమిసినిన్ చేతికి వచ్చింది, 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు పాడేరు వైపు ఫాల్సిపారం మలేరియా రోగికి ఇచ్చే మాత్రల్లో ఉన్నది ఆ కుటుంబపు మందే. అయినా ఆ ఆకుతో కాచిన టీని మలేరియాకు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆర్టెమిసినిన్ నీటిలో సరిగా కరగదు, ఒక్కో కప్పులో ఒక్కో మోతాదు ఉంటుంది. సగం మోతాదు మందు తాగిన ఒంట్లో చావకుండా మిగిలిన పరాన్నజీవే తర్వాత మొండిది అవుతుంది.

ఇక అమ్మాయి ప్రాజెక్టు. బాగా మొదలుపెట్టింది, దాన్ని పాడుచేయకుండా ఇవి చేయమనండి. మొక్కను వృక్షశాస్త్రం అధ్యాపకులతో గుర్తింపు చేయించి ఒక రెమ్మను ఎండబెట్టి దాచాలి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అడిగితే సాయం చేస్తారు. ఒట్టి ద్రావకం గుంట తప్పనిసరి. వలయం దగ్గర ఆగిపోకుండా, సారాన్ని సగం సగం పలుచన చేస్తూ బాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ గాఢత ఎంతో కనుక్కోవాలి, దాన్నే ఎంఐసీ అంటారు. 96 గుంటల ప్లేటు లేకపోతే మామూలు పరీక్ష నాళికల్లోనే చేయవచ్చు. ముడి సారానికి ఆ అంకె మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే అందులో పెద్ద విశేషం లేదని ఈ రంగంలో చాలామంది అంగీకరించిన మాట. 100 మైక్రోగ్రాముల లోపు వస్తే మాత్రం నాకు కూడా చెప్పండి, వచ్చి చూస్తాను.

ఆకుపచ్చ సారం నాళికలో మసకగా ఉండి బాక్టీరియా పెరిగిందో లేదో కంటికి తెలియదు. అప్పుడు ఒక్కో నాళిక నుంచి ఒక చుక్క తీసి కొత్త ప్లేటు మీద గీయాలి. అక్కడ ఏమీ మొలవకపోతే చంపింది, మొలిస్తే ఆపింది మాత్రమే. ఈ రెంటికీ తేడా చూపించిన విద్యార్థి వైవాలో అడిగిన ప్రశ్నకు తడబడదు. కరక్కాయ, జామాకు వంటి టానిన్లు ఎక్కువ ఉన్నవాటితో చేస్తే ఇంకాస్త జాగ్రత్త, టానిన్లు కనబడిన ప్రొటీన్‌నల్లా గడ్డకట్టించి అన్నిటినీ చంపినట్టు కనిపిస్తాయి. ఇక ఆ చివరి వాక్యాన్ని అమ్మాయినే కొట్టేయమనండి, నాకు ఎర్ర సిరా మిగులుతుంది.